నేను ఏరి పెట్టిన వాగ్దానాలు

ఒక పని నా గుండె మీద బరువై కూర్చుంది. అది చేసేనాటికి నా పిల్లలు నడుం దాకా కూడా లేరు. ఇప్పుడిద్దరూ నాకంటే పొడుగయ్యారు. ఆ బరువు మాత్రం అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే ఉంది. తగ్గలేదు. అలవాటూ కాలేదు.

చెప్పుకోవడానికి మనుషులు లేక కాదు. మా సంఘంలో పాస్టరుగారున్నారు. స్త్రీల కూడికలో కన్నీళ్ళు ముందే సిద్ధం చేసుకుని కూర్చునే అమ్మగార్లున్నారు. వాళ్ళకు చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. తల మీద చెయ్యి పెడతారు, ప్రార్థన చేస్తారు, ప్రభువు నిన్ను క్షమించాడమ్మా అంటారు, వచ్చే ఆదివారం లోపల మహదేవపుర నుంచి మారతహళ్ళి దాకా అందరికీ తెలిసిపోతుంది. అంత చవకగా దొరికే క్షమాపణ నాకొద్దు. అందుకే మీ దగ్గరికొచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. నన్ను ఓదార్చాలని మాత్రం చూడకండి. ఓదార్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వినండి, అంతే.

ముందే చెప్పేస్తాను, సస్పెన్సు ఎందుకు. నేను దేవుడి మాటలో చెయ్యి పెట్టాను. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అంత తెలివితక్కువదాన్ని కాదు. ఏ మాట ఎవరి చేతికి రావాలో నేను నిర్ణయించాను. దాంతో ఒక ఆడమనిషి బతుకు ఆగిపోయింది. ఇంకా ఆగే ఉంది. ఆమె మా ఆయన అక్క. నాకు వదిన.

మాది బళేపేట, కన్నడంలో గాజుల పేట అని. నాన్నకు అక్కడ గాజుల అంగడి. తాత కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడే క్రైస్తవులై, ఇక్కడే గాజులమ్ముకుంటూ స్థిరపడ్డ తెలుగువాళ్ళం. నన్నిచ్చిందేమో గాజులు వేసుకోవడం లోకాశ అనుకునే సంఘంలోకి. పెళ్ళిచూపులప్పుడు నా బోసి చేతులు చూసి వాళ్ళు తెగ మెచ్చుకున్నారు. ముందురోజు సాయంత్రం సబ్బునురగతో నా గాజులన్నీ ఊడదీయించి, తుడిపించి, తిరిగి అంగడి అరలో పెట్టించిన సంగతి వాళ్ళకు తెలియదు. మొదటి బేరంలోనే సరుకు గురించి అబద్ధం చెప్పి అమ్మారన్నమాట నన్ను.

అంగడిలో నేర్చుకున్న ఒక విద్య గురించి మీకు చెప్పాలి. నా నేరమంతా ఆ విద్యతోనే చేశాను. ఏ రకం గాజులు అమ్ముడుపోవాలో వాటిని మా నాన్న ఎత్తి చూపేవాడు కాదు, పొగిడేవాడు కాదు. మిగతా వరసలో నుంచి వాటిని రవ్వంత ముందుకు జరిపి, వచ్చినామెను తీరిగ్గా చూసుకోమని, తను అటు తిరిగి వేరే పనిలో పడేవాడు. ఆమె చెయ్యి దానంతటదే వాటి మీదికే పోయేది. "మనం చూపిచ్చినట్టు ఉండకూడదప్పా," అనేవాడు నాతో. "ఆయమ్మే ఏరుకున్నట్టు ఉండాల. అట్లయితే ఇంటికి పోయినాక తిరిగి తీసుకురాదు." ఎన్నిసార్లు విన్నానో. ఒక్కసారైనా తప్పనిపించలేదు. గాజులకది తప్పు కాదేమో కూడా.

వదిన నర్సు. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి పెంచింది, చదివించింది, నాకిచ్చి చేసింది, ఆపైన కుందలహళ్ళిలో మా అద్దె ఇంట్లో ఒక చిన్న గదిలో ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. తీరిక దొరకలేదు అనేది నవ్వుతూ. నేను బట్టలకొట్టు తెరిచాక పగలు పిల్లల దగ్గర ఉండటానికని ఆస్పత్రిలో తనే అడిగి రాత్రి డ్యూటీలు వేయించుకుంది. నేను అడగలేదు. అడగాల్సిన పరిస్థితి రానిచ్చేది కాదు.

నాకామె పడదు. ఇంత చేసిన మనిషి పడకపోవడమేమిటని మీరనుకుంటున్నారు కదూ. అదే కారణం. నేను తోమిన గిన్నెలు మళ్ళీ తోమేది, చప్పుడు కాకుండా. నేను ప్రార్థన చేస్తుంటే ఎక్కడో ఒకచోట మెల్లగా నా మాట సరిచేసేది. అందరికంటే ఆఖర్న తినేది, ఆఖర్న తిన్నట్టు మనకు తెలిసేలా తినేది. ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ నేను ఇంటి యజమానురాలిని కాదు, ఆమె దయ మీద ఉన్న కూలిదాన్నని అనిపించేది. ఆమె లేకపోతేనో? నాకు ఒక్క రోజు గడవదు. ద్వేషం ఒక్కటే ఉంటే మనిషి పొమ్మంటుంది. అవసరం ఒక్కటే ఉంటే కృతజ్ఞత అయినా పుడుతుంది. రెండూ కలిసి ఒకే మనిషి మీద ఉంటే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకోండి.

మా కుటుంబం సెలవులకు ఊళ్ళు తిరిగే కుటుంబం. దసరా సెలవులకు ఒకటి, క్రిస్మస్ అయ్యాక ఒకటి, ఎండాకాలం ఒకటి. ఊరికే తిరిగిరావడం మా ఇంటా వంటా లేదు. తిరిగొచ్చాక సంఘం నెలపత్రికలో ఒక పేజీ రావాలి, మా దంపతుల పేర్లతో. పైన మా ఫోటో, కింద సెలవుల ధ్యానం. జలపాతం చూస్తే కృప. కొండెక్కితే విశ్వాసం. బండి పంక్చరైతే సహనం. ఒకసారి కూర్గులో జలగ కరిస్తే దానికి కూడా పాపమని పేరు పెట్టి పేజీ నింపాం. మా ఆయన రాస్తాడు, నేను మెరుగుపెడతాను. జనం చదివి ఆదివారం గుమ్మం దగ్గర మా చేతులు పట్టుకుని ఎంత ఆశీర్వాదం పొందామో అనేవాళ్ళు. నాకు బాగుండేది. అబద్ధం ఎందుకు, చాలా బాగుండేది.

ఆ ప్రయాణాల్లో వదిన ఏం చేసేదో ఏ పేజీలోనూ లేదు. నేను జలపాతం ముందు కళ్ళు మూసుకుని దేవుని మహిమను ధ్యానిస్తుంటే చిన్నదాని తడి చెడ్డీ మార్చేది ఎవరనుకున్నారు? తెల్లారి పులిహోర కలిపి, గుడ్లు ఉడకబెట్టి, వాంతులకు మాత్రలు సర్దేది ఎవరు? ఫోటో తీసేది కూడా ఆమే. అందుకే ఏ ఫోటోలోనూ ఆమె లేదు.

అలాంటప్పుడు మదనపల్లె నుంచి ఒక మాస్టారి సంబంధం వచ్చింది. ఆయన బడిలో లెక్కలు చెప్పేవాడు. భార్య ఆఖరి రోజుల్లో వదిన పనిచేసే ఆస్పత్రిలోనే ఉంది. ఆమె పోయిన ఏడాదికి ఆయన మా ఆయనతో మాట్లాడాడు. ఒక్కగానొక్క కూతురు హాస్టల్లో చదువుతోంది, ఇల్లుంది, మీ అక్కగారు ఒప్పుకుంటే సాదాసీదాగా పెళ్ళి చేసుకుంటానన్నాడు. మా ఆయన సంతోషంతో తబ్బిబ్బయ్యాడు. వదిన ముందు కోప్పడింది, తర్వాత గదిలోకెళ్ళి తలుపేసుకుంది, వారం తర్వాత ప్రభువును అడిగి చెబుతానంది. దసరా సెలవులకు మేం హార్స్‌లీ కొండలకు వెళ్ళేట్టు అప్పటికే అనుకున్నాం. మదనపల్లెకు దగ్గర. మాస్టారు కొండ మీదికి వస్తాడు, అక్కడ వదిన జవాబు చెబుతుంది. అదీ ఏర్పాటు.

ప్రభువును అడగడమంటే మా ఇంట్లో ఒక పద్ధతుంది. రొట్టె ముక్క ఆకారంలో ప్లాస్టిక్ పెట్టె ఒకటి. అందులో నిలువుగా పేర్చిన రంగురంగుల చిన్న చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యం. వాగ్దానాల పెట్టె అంటాం. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో చాలాచోట్ల ఉంటుంది. కొందరు రోజుకొకటి తీసి చదువుకుని ధైర్యం తెచ్చుకుంటారు, అంతే. మా వదిన మాత్రం పెద్ద నిర్ణయమేదైనా ఉపవాసముండి, ప్రార్థన చేసి, ఆ పెట్టెలో చెయ్యి పెట్టి తీసిన చీటీని బట్టే చేసేది. అందులో వచ్చిన మాట ఆమెకు తీర్పు. దాని మీద అప్పీలు లేదు.

ప్రయాణానికి కొన్ని రోజుల ముందు వదిన నన్ను వంటింట్లో పట్టుకుని, ఎవరితో అనొద్దంటూ, మీ నాన్న అంగడి నుంచి నాకో జత మట్టిగాజులు తెచ్చిపెడతావా, పలచటివి, అని అడిగింది. గాజులు వేసుకున్నందుకు నన్నొకప్పుడు వారం రోజులు మౌనంగా శిక్షించిన మనిషి. ముఖం ఎర్రబడింది అడుగుతుంటే. అంత వయసులో ఆమె ముఖంలో అలాంటి రంగొకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ క్షణంలోనే నాకర్థమైంది, ఈమె నిజంగా వెళ్ళిపోతుంది.

తెచ్చాను. ఒక సైజు చిన్నవి. ఎవరి మణికట్టుకు ఏది పడుతుందో చూపుతోనే చెప్పగలిగినదాన్ని, చిన్నవే ఏరి తెచ్చాను. ఆమె ఎక్కించుకోబోయి, నొప్పి పుట్టి, నా చెయ్యి బండబారిపోయింది అమ్మణ్ణీ అని నవ్వి వెనక్కిచ్చేసింది. నేనూ నవ్వాను. ఎందుకు చేశానది? దానివల్ల నాకేం ఒరిగింది? ఏమీ లేదు. చూడండి, పెద్ద తప్పుకు కారణాలు చెప్పొచ్చు. ఇలాంటి చిన్న పనికి ఏ కారణమూ ఉండదు. మనిషి లోపల ఏముందో అదే బయటికొస్తుంది.

ప్రయాణం సామాన్లు సర్దడం నా వంతు. ఒక మధ్యాహ్నం కొట్టు మూసి ఇంటికొచ్చాను. పిల్లలు బళ్ళో ఉన్నారు, వదిన రాత్రి డ్యూటీ అయి నిద్రపోతోంది. పెట్టె తెరిచి చీటీలన్నీ మంచం మీద పోశాను. ఏటా సంఘంలో ఇచ్చే పాత కట్టలు కూడా సొరుగులో ఉంటే అవీ తెచ్చాను. కూర్చుని ఏరాను. గాజుల్లో పగులుదేదో వేరు చేసినట్టు. బయలుదేరమనేవి, నీకు ముందుగా నడుస్తాననేవి, కొత్త కార్యం చేస్తాననేవి ఒక పక్క. ఊరకుండమనేవి, కనిపెట్టమనేవి అంటే ఎదురుచూడమనేవి, పిలుపు అందినప్పుడు ఏ స్థితిలో ఉన్నావో అందులోనే ఉండమనేవి ఇంకో పక్క. ఒంటరివాళ్ళకు దేవుడు ఇల్లిస్తాడనే చీటీ ఒకటి చేతికొచ్చింది. దాన్ని కాసేపు పట్టుకున్నాను. చించేద్దామనుకున్నాను, భయమేసింది. దేవుడి మాటను చించడానికి భయం, దాచడానికి లేదు. పిల్లల స్వెట్టర్ల కింద పెట్టేశాను, బయలుదేరమనే మిగతా చీటీలతో పాటు.

పెట్టె మళ్ళీ నింపాను. నిండా ఉండుమనే మాటలే. అందులో బాగా గట్టిగా చెప్పే చీటీని మధ్యలో రవ్వంత పైకి లేపి పెట్టాను. నిజానికి అంత అవసరం లేదు, ఎక్కడ చెయ్యి పెట్టినా ఒకటే. కానీ అంగడి పిల్లను కదా, చేతివాటం.

ఆవేశంలో చేయలేదని మీకు తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను. నా గుండె కూడా దడదడలాడలేదు. పని అయ్యాక టీ పెట్టుకుని తాగాను.

కొండ మీద గెస్ట్‌హౌస్‌లో పొద్దున్నే కుటుంబ ప్రార్థన. కిటికీ బయట పొగమంచు. వదిన ముందురోజంతా ఉపవాసం. మా ఆయన ప్రార్థన చేసి, ఇంటి పెద్దగా తను ముందు చీటీ తీశాడు. ఊరకుండమని వచ్చింది. పిల్లల్లో పెద్దవాడు తీశాడు. కనిపెట్టమని వచ్చింది. అతిగా సర్దానని అప్పటికి గానీ తెలియలేదు. పట్టుబడతాననుకున్నాను. మా ఆయన ముఖం చూస్తే వెలిగిపోతోంది. ప్రభువు ఈ రోజు మన ఇంటితో ఒక్క మాటే మాట్లాడుతున్నాడు, చూశారా, అన్నాడు. ఇంకే ఇంట్లోనైనా నా దొంగతనం అక్కడే బయటపడేది. మా ఇంట్లో అది అద్భుతమైంది.

వదిన చెయ్యి పెట్టింది. పైకి లేచిన చీటీయే తీసింది. చదివింది. చీటీ పక్కన పెట్టి ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపు ఎందుకో నాకప్పుడు తెలియలేదు. ఆ తర్వాత పెట్టె తీసుకుని చీటీలన్నీ ఒళ్ళో పోసుకుని, కళ్ళు మూసుకుని, రెండు చేతులా కలిపి కలిపి, అడుగు నుంచి ఒకటి తీసింది. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఆ ఒళ్ళో ఉన్న చీటీల్లో నాలుగైనా ఎవరైనా చదివి ఉంటే కథ అయిపోయేది. ఎవరూ చదవలేదు. ఆమె తీసినదాంట్లోనూ అదే అర్థం. ఉన్నచోట ఉండు.

మా ఆయన పెట్టె నా వైపు జరిపాడు. కాఫీ పొంగుతుందేమో చూస్తానని లేచాను. నా సరుకు నేను కొనను.

మాస్టారు ఎండ ఎక్కాక బస్సులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచీ నిండా సీతాఫలాలు. వదిన బయటికి రాలేదు. వరండాలో మా ఆయన ఆయనకు విషయం చెప్పాడు, చాలా మర్యాదగా, వాక్యాలతో సహా. ఆయన విన్నాడు. ప్రభువు చిత్తమైతే నేనేం చేస్తాను అన్నాడు. కాఫీ తాగలేదు. అదే బస్సులో కొండ దిగి వెళ్ళిపోయాడు. సీతాఫలాలు ఎవరూ ముట్టలేదు. మగ్గిపోతాయని నేను తిన్నాను. తియ్యగా ఉన్నాయి.

ఆ నెల మా పేజీకి నిలిచి ఉండుట అని పేరు పెట్టాం. మా ఆయన రాసింది నేను మెరుగుపెట్టాను. ఇంటిల్లిపాదికీ ఒకే మాట వచ్చిన వైనం. మా పేజీలన్నిట్లో జనం ఎక్కువ మెచ్చుకున్నది అదే. వదిన సంఘంలో లేచి సాక్ష్యం చెప్పింది, ప్రభువు నాతో స్పష్టంగా మాట్లాడాడని. స్త్రీల కూడికల్లో మళ్ళీ మళ్ళీ చెప్పించేవాళ్ళు. ప్రతిసారీ నేను వెనక వరసలో కూర్చుని ఆమేన్ అనేదాన్ని. అందరితో పాటు అనకపోతే కనబడతాను కదా.

ఇన్నేళ్ళు అలా గడిచాయి. నా పిల్లలు ఆమె చేతుల మీదుగా పెరిగారు. కొట్టు పెద్దదైంది. ఊళ్ళు తిరిగాం, పేజీలు నింపాం.

ఈ ఎండాకాలం మాస్టారు మళ్ళీ ఫోన్ చేశాడు. రిటైరయ్యాడు. కూతురి పెళ్ళయి హైదరాబాదులో ఉంది, రమ్మంటోంది. మీ అక్కగారు ఇప్పటికైనా ఒప్పుకుంటే ఇక్కడే ఉంటాను, లేదంటే దసరా దాటాక ఇల్లు అద్దెకిచ్చి వెళ్ళిపోతాను అన్నాడట. వదిన కూడా ఆస్పత్రి మానేసింది. మోకాళ్ళు నొప్పులు. మెట్లెక్కలేదు.

అప్పుడు నాకు నిజం చెప్పాలనిపించింది. పశ్చాత్తాపమని పేరు పెట్టుకున్నాను దానికి. చాలా పవిత్రంగా అనిపించింది కూడా. ఏర్కాడు ప్రయాణంలో, మా ఆయనా పిల్లలూ పడవెక్కితే, మేమిద్దరం చెరువు గట్టున బెంచీ మీద కూర్చున్నాం. ఆమె ఉడకబెట్టిన చెనిక్కాయలు వలుస్తోంది, పిల్లలొస్తే పెట్టడానికి. నాకు మామూలుగా వచ్చే మాటలేవీ రాలేదు. చిన్నప్పటి అంగడి మాటే వచ్చింది నోటికి.

"వదినా, ఆ పొద్దు కొండ మీద నీకొచ్చిన చీటీ ఉండాది చూడు. అది నేను పెట్టిందే. నీ చేతికి తగిలేటట్టు పైకి పెట్టినా."

ఆమె వలవడం ఆపలేదు.

"తెలుసు," అంది.

నేను పడవ వైపు చూశాను.

"గాజులంగడి పిల్లవి నువ్వు. నీ చెయ్యి పడిన అర ఎట్లుంటాదో నాకు తెల్దా? అందుకే కదా అమ్మణ్ణీ, ఒళ్ళో పోసుకోని, కండ్లు మూసుకోని, రెండో తూరి తీసింది. మొదటిది నీది. రెండోది ప్రభువుది."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. రెండోది కూడా నాదే, అడుగున ఉన్నదీ నాదే, అన్నీ నావే. నోరు తెరిచాను.

"మరి మాస్టారికేం చెప్తావు?" అన్నాను. వచ్చింది అదీ.

"ఏముండాది చెప్పేకి. చెప్పినాయన్ను మళ్ళా మళ్ళా అడిగితే బాగుంటాదా? మీకైతే ఆయన కొండల్లో, వానల్లో, పంక్చరైన టైర్లలో మాట్లాడతానే ఉంటాడు. నెలనెలా చదువుతాండాను కదా. నాతో అంత తేటగా మాట్లాడింది జన్మకంతా అదొక్క పొద్దే." చేతుల్లో పొట్టు దులుపుకుని నా వైపు తిరిగింది. "నువ్వు ఇప్పుడెందుకు చెప్తాండావో కూడా నాకు తెలుసు. పిల్లోళ్ళు పెద్దోళ్ళయినారు. నా మోకాళ్ళు పోయినాయి. ఇంగ నన్నెవరన్నా తీసుకుపోతే నీకు బాగుంటాది."

కాదనలేదు. కాదంటే అది అబద్ధమని ఆమెకు తెలిసిపోయేది, నాకూ తెలిసిపోయేది.

"నేను క్షమించినాననుకోవద్దు," అంది. "నువ్వు పెట్టిన ఆ మొదటి చీటీ ఒక్కదానికే చెప్తాండా. నన్ను అడగనూ వద్దు."

పడవ గట్టుకు చేరింది. ఆమె లేచి పిల్లలకెదురుగా వెళ్ళింది, మోకాలు పట్టుకుని.

ఆ రోజు నుంచి నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడదు. గిన్నెలు మళ్ళీ తోమడం మానేసింది. అది నాకు హాయిగా ఉండాలి. లేదు. మా ఆయన ఏమైందని అడిగితే ఆడవాళ్ళ విషయాలు అంది. ఆ మాట చెప్పి నన్ను కాపాడిందా, లేక నా పేరు నోటితో ఎత్తడం కూడా ఇష్టం లేకనా? మాస్టారికి తనే ఫోన్లో వద్దని చెప్పింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. ఆయన నాతో చెప్పాడు మాస్టారూ, అంది, ఎంతో నమ్మకంగా.

ఎందుకు సగమే చెప్పాను? ఎన్నోసార్లు నన్ను నేను అడిగి చూశాను. అన్ని జవాబులూ తయారుగా ఉన్నాయి, వాటిలో ఏది బాగుంటే అది మీకివ్వగలను. ఆమెకు మిగిలిన ఒక్క ఆదరణను లాక్కోకూడదని ఊరుకున్నాను అంటే వినడానికి ఎంత బాగుంది. జన్మలో ఒక్కసారి దేవుడు తనతో మాట్లాడాడని నమ్మి బతుకుతున్న మనిషికి, అది దేవుడు కాదు నీ మరదలు అని ఎలా చెప్పను? మా పేజీకైతే సరిగ్గా సరిపోయే వాక్యం. కానీ నేను అంగడిలో పెరిగినదాన్ని. బేరంలో ఎవరూ మొదటే అసలు మాట చెప్పరు. తక్కువ చెప్పి, ఎదుటివాళ్ళు గుచ్చి అడిగితే పెంచుతారు. ఆమె గుచ్చి అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నా తప్పును నేను చెప్పిన సగానికే ఒప్పేసుకుంది, మిగతా సగం దేవుడికి రాసేసింది. నేను ఊరుకున్నాను. దయతో కాదు. బయటపడ్డానన్న నిమ్మదితో.

మీరిప్పుడు, అయితే వెళ్ళి మిగతాది చెప్పొచ్చు కదా అంటారు. దసరా ఇంకా రాలేదు. మాస్టారు ఇంకా మదనపల్లెలోనే ఉన్నాడు. చెబితే ఆమెకు దేవుడు పోతాడు, బహుశా మనిషి దొరుకుతాడు. చెప్పకపోతే దేవుడు ఉంటాడు, మనిషి వెళ్ళిపోతాడు. ఈ రెండింట్లో ఏది పెద్దదో తూచడానికి నేనెవరిని? చూశారా, మళ్ళీ తూస్తున్నాను. ఆమె బతుకును ఆమె ముందు పెట్టి ఆమెనే ఏరుకోమనడం నాకు చేతకావడం లేదు. ఈసారి నిజంగా ఆమెనే ఏరుకోమనాలంటే అన్నీ ఆమె ముందు పరచాలి, ఒక్కటి కూడా దాచకుండా. అలా పరచడం నాకెవరూ నేర్పలేదు. ఇది సాకని నాకు తెలుసు. మీకూ తెలుసు.

చెబుతానో లేదో మీకు మాటివ్వను. నా మాటకు విలువెంతో మీరు చూశారు.

ఇది ఆదివారం మధ్యాహ్నం రాస్తున్నాను. మా ఆయన, పిల్లలు బయటికెళ్ళారు. వదిన పక్క గదిలో పడుకుని ఉంది, తలుపు ఓరగా వేసి. ఈ చివరి వాక్యాల దాకా వచ్చేసరికి ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది, అయినా ఆడుతోంది. క్షమించమని ఎవరినీ అడగను. మీరిచ్చినా తీసుకోను. ఇప్పటిదాకా ఈ భూమ్మీద నా బుర్రలో తప్ప ఎక్కడా లేని నిజం ఒకటి, ఇప్పుడు రాతలో ఉంది, మీ కళ్ళ ముందు ఉంది. నాకు కావలసింది అంతే.

ఆమెతో ఆ పొద్దు దేవుడేమీ అనలేదు. మొదటిసారీ అనలేదు, రెండోసారీ అనలేదు. రెండుసార్లూ నేనే అన్నాను.